గవర్నరు పీఠముపై బూర్గుల రామకృష్ణారావుగారు

పాలమూరు సీమవారికి ఏలికల మాట క్రొత్త కాదు. కొల్లాపురమున సురభివారు, వనపర్తి, గద్వాలలలో తక్కిన సంస్థానాధీశులు, వారందఱిపై నిజాము ప్రభుత్వమువారి తాలూక్‌దారులు, సుబేదారులు, ఇట్లు అధికారము మెట్లుమెట్లుగా నుండెను. సుబేదారు తన్ను నియమించిన ప్రభువునకు తప్ప మఱెవ్వరికిని జవాబుదారి కాడు. స్వతంత్ర భారతమున రాష్ట్ర గవర్నరు పదవి పైకి అట్టిదిగనే తోచును. దాని తత్త్వము మాత్రము వేఱు. నిత్యపాలన మంత్రులది, సంతకము గవర్నరుది. అట్టి పదవిని రెండు రాష్ట్రములలో ఎడతెగక ఐదేండ్లకు పైగా వహించిన పాలమూరు సీమవారు బూర్గుల రామకృష్ణారావుగారు.

ఆయన 1899 మార్చి 13వ తేదీన కల్వకుర్తి ప్రాంతమునందలి పడకల్లు గ్రామమున జన్మించిరి. పూర్వుల గ్రామమైన బూర్గుల పేరే ఇంటిపేరుగా నిలిచినది. హైదరాబాదున చదివి, పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టము పొంది, బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము ముగించి, హైదరాబాదునకు మరలి వచ్చి న్యాయవాదియైరి. తరువాతి కాలమున భారత ప్రధానియైన పి.వి. నరసింహారావుగారు వకీలు వృత్తిలో తొలుత ఆయన శిష్యులే. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము ఆయనకు కరతలామలకములు. 1931లో దేవరకొండలో జరిగిన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు.

1950లో వెల్లోడి మంత్రివర్గమున ఆయన రెవెన్యూ మంత్రిగా నున్నపుడు హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చినది. 1952 మార్చిలో ముఖ్యమంత్రియైరి. 1954లో ఆ చట్టమును సవరించి, రక్షిత కౌలుదారులకు భూమిపై యాజమాన్యము సంక్రమించు మార్గమును కల్పించిరి. శాసనసభలో ఆయనకు ఎదురుగా కూర్చున్నవారిలో కమ్యూనిస్టులు ప్రముఖులు. నల్లగొండ సీమలో వారి బలమెంతటిదో 1952 ఎన్నికలలో రావి నారాయణరెడ్డిగారికి వచ్చిన ఓట్లే చాటినవి. కనుక భూమి సమస్యయు, కమ్యూనిస్టు పక్షమును ఆయనకు పుస్తకముల వలన తెలిసిన విషయములు కావు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినది; తాము ముఖ్యమంత్రిగా నున్న హైదరాబాదు రాష్ట్రము దానితో అంతరించినది. అందులకు సమ్మతించి, ఆ ఒడంబడికపై చేవ్రాలు చేసిన వారిలో ఆయనయు ఒకరు.

అదే దినమున అవతరించిన మఱియొక రాష్ట్రము కేరళము. నవంబరు 22న రామకృష్ణారావుగారు దానికి గవర్నరుగా ప్రమాణము చేసిరి. అప్పటికి అచట మంత్రివర్గము లేదు. రాష్ట్రపతి పాలన నడచుచుండెను. 1957 ఎన్నికలలో కమ్యూనిస్టు పక్షము స్వతంత్రుల తోడ్పాటుతో ఆధిక్యము పొందగా, ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాదుగారి మంత్రివర్గము ఏర్పడినది. తెలంగాణమున కమ్యూనిస్టులకు ప్రతిపక్షిగా నిలిచిన కాంగ్రెసు నాయకునకు, వారి మంత్రుల సలహాపై సంతకము చేయవలసిన విధి కేరళమున ప్రాప్తించినది.

తొలి పరీక్ష విద్యాబిల్లుతో వచ్చినది. ప్రైవేటు పాఠశాలలపై ప్రభుత్వమునకు అధికారము నిచ్చు ఆ బిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు నిలిపి ఉంచిరి. రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయమును కోరిరి. 1958 మేలో కోర్టు కొన్ని నిబంధనలను ఆక్షేపింపగా, శాసనసభ వానిని సవరించినది. సందేహము కలిగినచోట న్యాయస్థానము నడుగుట, శాసనసభకు దిద్దుకొను అవకాశ మిచ్చుట, ఇది రాజ్యాంగము చూపిన రాజమార్గము.

రెండవ పరీక్షకు అట్టి మార్గము దొరకలేదు. 1959 జూన్‌లో భూసంస్కరణ బిల్లు సభలో నెగ్గినది. ఆ నెలలోనే విమోచన సమరమను పేర మహాందోళన చెలరేగినది. మన్నత్తు పద్మనాభన్‌గారు దానికి సారథి. క్రైస్తవ సంఘములు, కాంగ్రెసు, ముస్లిం లీగు తోడు నిలిచినవి. అంగమాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైరి. శాంతిభద్రతలు చెడినవనియు, ప్రజల విశ్వాసము పోయినదనియు ఒక పక్షము వాదించినది. సభలో ఆధిక్యముండగా వీథిలోని అలజడిచే మంత్రివర్గమును కూల్చరాదని రెండవ పక్షము వాదించినది. గవర్నరు నివేదిక ఢిల్లీ చేరినది. జూలై 31న మంత్రివర్గము తొలగింపబడి, శాసనసభ రద్దయినది.

ఇచటనే గవర్నరు పదవిలోని చిక్కు బయటపడుచున్నది. ప్రశాంత కాలమున ఆయన సంతకము వట్టి లాంఛనము. సంక్షోభము వచ్చిన క్షణమున అదియే మంత్రివర్గమునకు మరణశాసనము. ఆ తీర్పు నిచ్చువానిని నియమించునది కేంద్రము. కేరళమున ఆందోళన సాగించినవారిలో కేంద్రము నేలుచున్న పక్షమే ఒకటి. గవర్నరు పండితుడు కావచ్చును, సౌమ్యుడు కావచ్చును. ఆయన శీలము ఈ లోపమును పూరింపజాలదు. 1988లో సర్కారియా సంఘమువారు ఈ అధికారమును అరుదుగా వాడవలెననిరి. 1994లో బొమ్మై వ్యాజ్యమున సుప్రీంకోర్టు, మంత్రివర్గపు బలము తేలవలసినది శాసనసభలోనే యనియు, రాష్ట్రపతి ప్రకటన న్యాయవిచారణకు లోబడుననియు తీర్పు చెప్పినది. 1959లో లేని ఆనకట్ట అప్పుడు ఏర్పడినది.

1960 జూలై 1న రామకృష్ణారావుగారు ఉత్తరప్రదేశమునకు మాఱిరి. ఆ పదవిని విడిచి, కేరళమున ఆయన స్థానమునకు వచ్చినవారు మఱియొక తెలుగువారు, వి.వి. గిరిగారు. ఆ యేటి డిసెంబరులో లక్నోలో సంపూర్ణానందుగారు తప్పుకొనగా, చంద్రభాను గుప్తాగారు ముఖ్యమంత్రియైరి. కేంద్రమును రాష్ట్రమును ఏలునది ఒకే పక్షమగుటచే గవర్నరునకు చిక్కు కలుగలేదు. మనిషి ఆయనయే, పదవి అదియే. మాఱినది ఎదుటి మంత్రివర్గపు రంగు మాత్రమే.

1962 ఏప్రిల్‌లో ఆయన ఆ పదవిని విడిచి, పిదప రాజ్యసభ సభ్యులైరి. 1967 సెప్టెంబరు 14న దివంగతులైరి. పాలమూరు సీమ ఆయనను తొలుత రైతునకు భూమి హక్కును కల్పించిన ముఖ్యమంత్రిగా తలచును, అది న్యాయమే. అయినను ఆయన కేరళ పదవీకాలము మనకు నేర్పు పాఠము తక్కువది కాదు. సుబేదారును పంపిన ప్రభువు పోయినను, పైనుండి వచ్చిన అధికారి వ్రాయు లేఖకు ప్రజల ఓటుకంటె ఎక్కువ బరువు రాకుండ కాచుకొనుట ప్రజారాజ్యమునకు నిత్యకృత్యము.