విలాప కీర్తనలు

విలాప కీర్తనలు బైబిలు పాత నిబంధనలోని కీర్తనల గ్రంథంలో వేదన, రోగం, శత్రుభయం, దేవుని మౌనం వంటి స్థితుల నుంచి వెలువడిన ప్రార్థనలు. మొత్తం 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు ఈ కోవకు చెందినవే. వీటిని వ్యక్తిగత, సామూహిక విలాపాలుగా విభజిస్తారు. జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862–1932) ఈ వర్గీకరణకు శాస్త్రీయ రూపమిచ్చాడు.

దేవుణ్ణి సంబోధించడం, మొర, విన్నపం, నమ్మిక ప్రకటన, స్తుతి లేదా మొక్కుబడి వీటిలో సాధారణంగా కనిపించే అంగాలు. ఆరు వచనాల 13వ కీర్తన ఇందుకు చక్కని నమూనా: మొదటి రెండు వచనాల్లో ‘ఎంతకాలం’ అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది, చివరి వచనం స్తుతిగానంగా మారుతుంది. 88వ కీర్తన మాత్రం ఏ ఊరటా లేకుండా చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది.

మత్తయి (27:46), మార్కు (15:34) సువార్తల ప్రకారం యేసు సిలువపై, విలాప కీర్తనల్లో ఒకటైన 22వ కీర్తన తొలి మాటలనే పలికాడు. తెలుగు సంఘాల్లో శుభ శుక్రవారం నాడు యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించేటప్పుడు ఇది నాలుగో మాట. దుఃఖాన్ని దాచుకోకుండా దేవుని ఎదుట పెట్టడం విశ్వాసంలో భాగమేనన్న అవగాహనకు ఈ కీర్తనలు క్రైస్తవ సంప్రదాయంలో ప్రధాన ఆధారం.