ఎకరపు లెక్కకందని నష్టము

సంగారెడ్డి జిల్లా, పటాన్‌చెరు మండలమందలి కర్దనూరును, దాని ఇరుగుపొరుగు పల్లెలును నేడు ఔటర్ రింగురోడ్డు సామీప్యమువలన భూముల క్రయవిక్రయముల సందడిలో మునిగియున్నవి. గజమునకింతయని ధర పలుకు ఈ ప్రాంతమున ఒకప్పుడు ఎకరమునకింతయని వెలకట్టిన దినములుండెననియు, ఆ వెల కట్టినది కొనువాడు గాక న్యాయస్థానమనియు, కట్టినది పండిన పంటకు గాక పాడైన పంటకనియు ఎరిగినవారు ఆ ఊళ్లలోని పెద్దలే గాని, నిన్న మొన్న వచ్చి చేరినవారు కారు.

పటాన్‌చెరు అర్వాచీనమైన ఊరు కాదు. కల్యాణి చాళుక్యుల కాలమున, రెండవ జయసింహుని యేలుబడిలో పొట్టలకెరె యను పేర రాజధానిగా వెలసిన పట్టణమిదియేయని చరిత్రకారులు గుర్తించిరి. అట్టి ప్రాచీనస్థలము 1970 దశకమున పారిశ్రామిక వాడగా మారుటకు కారణము స్పష్టము: నాటి మెదక్ జిల్లా వెనుకబడిన జిల్లాగా పరిగణింపబడి యుండుటచే ఇచట కర్మాగారము పెట్టువారికి రాయితీలు లభించెను; బాలానగరులో ప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారమువలన మందుల తయారీ యెరిగిన రసాయనవేత్తలు హైదరాబాదు పరిసరములలోనే లభ్యమైరి. రాజమార్గము ముంగిట నుండెను. లేనిదొక్కటే, వ్యర్థజలము పోవుదారి. ఆ దారిని భూమియొక్క పల్లమే చూపెను. కుంటలు నిండి, కాలువలు పారి, నక్కవాగు ద్వారమున మంజీరలోనికి ఆ నీరు చేరెను.

ముడి ఔషధముల తయారీలో మందుగా మిగులునది కొంత, మడ్డిగా వెలువడునది బహుళము. ద్రావకములు, లవణములు, చర్యయందు మిగిలిన ఆమ్లములు కలిసిన ఆ నీరు సోకిన చేను మొదట పసుపువారి, పిదప తెల్లనై, తుదకు గడ్డియు మొలవని చవిటినేల యగును. ఆ నీటిని శుద్ధిచేయుటకై 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ యను ఉమ్మడి శుద్ధికేంద్రము వెలసెను. ట్యాంకర్లలో తెచ్చిన వ్యర్థజలమును సూక్ష్మజీవులచేత జీర్ణింపజేయుట అచటి పద్ధతి. అయితే సూక్ష్మజీవులను చంపుటకే పుట్టిన యాంటీబయాటిక్ మందులు ఆ నీటిలో నున్నప్పుడు, శుద్ధిచేయవలసిన జీవులే వానికి బలియగునుగదా! స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు యోఆకిం లార్సన్ బృందము 2007లో ప్రకటించిన పరిశోధన ఈ కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు నున్నదని తెలిపెను. ఆ మందును మ్రింగు రోగి రక్తములో నుండు పరిమాణమునకు మించినది, శుద్ధియైనదని చెప్పబడిన నీటిలో నుండెను! ఈ వాక్యమును పాఠకులు మరియొకపరి చదువుకొందురు గాక.

న్యాయపోరాటము అంతకు ముందే మొదలైనది. పటాన్‌చెరులో వైద్యము చేయుచు, రోగుల బాధకును వాగునీటికిని గల సంబంధమును గుర్తించి, రైతులను వెంటబెట్టుకొని అధికారుల గడపలు త్రొక్కిన డాక్టరు అల్లాని కిషన్ రావు పేరు ఆ ప్రాంతమున నేటికిని మరపురానిది. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ యను సంస్థ 1990లో సుప్రీంకోర్టునందు 1056వ సంఖ్యగల రిట్ పిటిషనును దాఖలు చేసెను. అమెరికా దేశమున ఒకే నష్టమును పొందిన వేలమంది పక్షమున కొందరే వ్యాజ్యము వేసి, సర్వులకును వర్తించు పరిహారమును రాబట్టు సామూహిక వ్యాజ్యమను విధానము కలదు. మన దీవానీ విచారణ స్మృతిలోను ఒకరు పలువురి పక్షమున నిలుచు అవకాశము 1908 నుండియు ఉన్నది గాని, పల్లెవారు దానినాశ్రయించిన సందర్భములు అరుదు. అందుచే ప్రజాప్రయోజన వ్యాజ్యమే ఇచట శరణ్యమయ్యెను.

సుప్రీంకోర్టు నిపుణులచే పరిశీలన చేయించినది. పల్లెలకు త్రాగునీరు అందింపుమన్నది. నష్టమును విచారించు బాధ్యతను జిల్లా న్యాయమూర్తికి ఒప్పగించినది. అటు పిమ్మట పరిహారము నిర్ణయమైనది. ఎట్లు? తరి భూమికి ఒక వెల, ఖుష్కి భూమికి మరియొక వెల. రెండును ఎకరమునకు రెండు వేల రూపాయల లోపే. దీనిని అందుకొన్న రైతు అల్పసంతోషి యని యెవరును అనరాదు. ఏండ్ల తరబడి ఏమియు రాని చోట వచ్చిన మొదటి రూకలవి. నా మనస్సును కలతపెట్టునది ఆ మొత్తముకంటె ఆ కొలత. పహాణీలో పేరున్నవాడే నష్టపోయినవాడని ఎకరము చెప్పును. నోటిమాటపై కౌలు చేసినవాడు ఆ కొలతలో లేడు. నాట్లకు పోవు కూలి స్త్రీ లేదు. వాగుగట్టున గొఱ్ఱెలను మేపిన కురుమ, కుంటలో వల విసరిన బెస్త, రేవున బట్టలుతికిన చాకలి, వీరి జీవనమంతయు ఆ నీటిపైననే యుండినను, వారి నష్టమును కొలుచుటకు ఎకరమునకు శక్తి చాలదు. భూమిగల రైతు విషయముననైనను అది పోయిన పంటను లెక్కించినదే గాని, తిరిగి పండింపజేయుటకగు వ్యయమును లెక్కింపలేదు.

ఆ వ్యయమును కూడ లెక్కింపవలెనని చెప్పిన తీర్పు మనవారిదే యగుట గమనింపదగినది. అదే సంస్థ రాజస్థానమందలి బిచ్‌డీ గ్రామపు బావులను ఎఱ్ఱబార్చిన రసాయన కర్మాగారములపై వేసిన వ్యాజ్యమున, 1996 ఫిబ్రవరిలో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, కలుషితము చేసినవాడే బాధితునకు పరిహారమేగాక నేలను, నీటిని పూర్వస్థితికి తెచ్చు ఖర్చును కూడ భరింపవలెనని నిర్ణయించిరి. 2011లో ఆ ఖర్చును 37 కోట్ల 38 లక్షల 50 వేల రూపాయలుగా, చక్రవడ్డీతో సహా చెల్లింపవలెనని సుప్రీంకోర్టు స్థిరపరచెను. తీర్పునకును ఈ స్థిరీకరణకును నడుమ పదునైదేండ్లు గడచెను.

ఇక హైదరాబాదులోనే జరిగిన వేరొక వృత్తాంతము. సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని 2009 జనవరి 7న బయటపడినంతనే అమెరికా వాటాదారులు అచటి కోర్టులో సామూహిక వ్యాజ్యము వేసిరి. రెండేండ్లు దాటిన కొలదికాలమునకే, 2011లో, కంపెనీ 12 కోట్ల 50 లక్షల డాలర్లును, ఆడిటు సంస్థ 2 కోట్ల 55 లక్షల డాలర్లును చెల్లించుటకు ఒప్పుకొన్నవి. ఆ యవమానము పిమ్మట 2013 నాటి కంపెనీల చట్టమున 245వ సెక్షను వాటాదారులకును, డిపాజిటుదారులకును సామూహిక వ్యాజ్యమును అనుగ్రహించెను. వాటా పోగొట్టుకొన్నవానికి చట్టము ఒక ద్వారము తెరచినది; మంచిదే. వాగు పోగొట్టుకొన్నవానికి అట్టి ద్వారమును తెరువుడని శాసనసభలో గాని పార్లమెంటులో గాని గట్టిగ అడిగినవారు లేకపోవుట నాకు తీరని వెలితిగా తోచుచున్నది.

భూమిలేనివారి నష్టమును కొలుచుట అసాధ్యమని వాదించువారు జపానులోని మినమాటాను చూడవలెను. కర్మాగారపు పాదరసముచే విషమైన చేపలు తిని రోగగ్రస్తులైన జాలరులకు 1959లో సానుభూతి ధనమను పేర స్వల్పమొత్తమిచ్చి, ఇకమీదట ఏమియు అడుగబోమని వ్రాయించుకొన్నారు. 1973లో కుమమోటో న్యాయస్థానము ఆ ఒడంబడిక చెల్లదని త్రోసిపుచ్చి, రోగియొక్క దేహబాధను బట్టి పరిహారము విధించెను. 2004లో ఆ దేశపు సుప్రీంకోర్టు ప్రభుత్వమునకును బాధ్యత కలదని నిర్ణయించెను. భూమి పట్టా ఎవరును అడుగలేదు.

పటాన్‌చెరు వ్యాజ్యము మాత్రము సుప్రీంకోర్టునుండి 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకును, అటనుండి జాతీయ హరిత ట్రైబ్యునలునకును మారి, 2017లో తీర్పును చూచెను. ఈ నడుమ ఉమ్మడి కేంద్రపు నీటిని నక్కవాగున విడువకుండ, 18 కిలోమీటర్ల గొట్టపుమార్గము వేసి, నగరపు మురుగుకాలువలో కలిపి, అంబర్‌పేట శుద్ధికేంద్రము మీదుగా మూసీలో విడుచు ఏర్పాటు జరిగెను. మంజీర కందకుర్తివద్ద గోదావరిలో కలియును; మూసీ వాడపల్లివద్ద కృష్ణలో కలియును. అనగా ఒక నదీపరీవాహమునుండి మరియొక నదీపరీవాహమునకు ఆ నీరు తరలింపబడెను. మూసీగట్టున, భువనగిరి, వలిగొండ ప్రాంతములలో ఆ నీటితోనే వరి పండించు రైతుల పేర్లు 1990 నాటి పిటిషనులో లేవు.