పదివేల జామీను, ఒక తాపీ మేస్త్రీ

మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ తాపీ మేస్త్రీ. ఆయనకు సుప్రీంకోర్టే బెయిల్ ఇచ్చింది. ఎంత మొత్తానికి, ఎవరి పూచీ మీద అన్నది మాత్రం ఉత్తర్వులో రాయకుండా చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌కు వదిలేసింది. మేజిస్ట్రేట్ రూ.10,000కు జామీనుదారును తెమ్మన్నారు. తాపీ పట్టుకుని బతికేవాడికి అంత ఆస్తిపరుడు ఎక్కడ దొరుకుతాడు? తోడబుట్టినవాడు పూచీ పడితే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయంటూ అదీ కుదరదన్నారు. దేశంలోకెల్లా పెద్ద కోర్టు వదిలేయమన్నా మేస్త్రీ బయటికి రాలేకపోయాడు.

బెయిల్ రావడం వేరు, బయటికి రావడం వేరు. కోర్టుల చుట్టూ తిరిగిన ప్రతి కుటుంబానికీ ఇది అనుభవమే. అడిగిన మొత్తం తమ తాహతుకు మించితే తగ్గించమని మళ్లీ పిటిషన్ వేసుకోవాలి. ఆ పిటిషన్ వెనక మూడు శతాబ్దాలు దాటిన చరిత్ర ఉంది.

ఇంగ్లండులో 1679 నాటి హెబియస్ కార్పస్ చట్టం అక్రమ నిర్బంధాన్ని కట్టడి చేయబోతే, రాజుగారి న్యాయమూర్తులు పక్కదారి వెతుక్కున్నారు. బెయిల్ కాదనకుండానే, ఎవరూ కట్టలేనంత మొత్తం అడగడం మొదలుపెట్టారు. అందుకే 1689 నాటి హక్కుల చట్టంలో మితిమీరిన బెయిల్ అడగరాదని రాయాల్సి వచ్చింది. ఆ మాటే 1791లో అమెరికా రాజ్యాంగంలో ఎనిమిదో సవరణగా చేరింది.

మనకూ అది ఆంగ్లేయుల చట్టంతోనే అందింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 498వ సెక్షన్ రెండు సంగతులు చెప్పింది. బాండు మొత్తం కేసు పరిస్థితులను బట్టి ఉండాలి, మితిమీరకూడదు. మేజిస్ట్రేటుగానీ పోలీసుగానీ ఎక్కువ అడిగితే సెషన్స్ కోర్టో హైకోర్టో తగ్గించవచ్చు. 1973లో కొత్త కోడ్ వచ్చినప్పుడు ఇదే 440వ సెక్షన్ అయింది. మాట బాగానే ఉంది. మితిమీరడమంటే ఎవరి లెక్కన అన్నది మాత్రం చట్టం చెప్పలేదు. వ్యాపారికి ఒక సంతకంతో పోయే మొత్తం కూలీకి ఏళ్ల సంపాదన. నిందితుడి జేబు సంగతి అడగకుండా నేరం సెక్షన్ చూసి అంకె వేసే అలవాటు ఆ ఖాళీలోనే పెరిగింది.

జామీను పెట్టే రోజు కోర్టు వరండాలో నిలబడి చూస్తే ఈ వ్యవహారం అర్థమవుతుంది. జామీనుదారు చేతిలో ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, ఫొటోలు. ఒక్క కాగితం తగ్గినా మర్నాడు రమ్మంటారు. ఆ రాత్రి కూడా లోపలి మనిషి లోపలే. ఆస్తి ఉన్న చుట్టం లేనివాళ్లకు డబ్బు తీసుకుని పూచీ పడే మనుషులు తగులుతారు. చేతిలో ఉన్న కాస్తా వాళ్లకు పోతుంది. గుజరాత్ ప్రభుత్వం జస్టిస్ పి.ఎన్. భగవతి అధ్యక్షతన వేసిన న్యాయసహాయ కమిటీ 1971 నివేదికలోనే ఈ దళారీ వ్యవస్థను ఎండగట్టింది. ఆస్తి ఉన్నవాడే మళ్లీ కోర్టుకు వస్తాడనే నమ్మకానికి ఆధారమేమిటని అది నిలదీసింది.

ఆ ఆలోచన సుప్రీంకోర్టుకు చేరడంలో తెలుగువారి కేసు ఒకటుంది. గుడికంటి నరసింహులు కేసు. సెషన్స్ కోర్టు నిర్దోషులుగా వదిలినవారికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు శిక్ష వేసింది. అప్పీలు తేలేలోగా బెయిల్ కావాలని వారు అడిగితే, 1977 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ మంజూరు చేశారు. బెయిలా, జైలా అన్నది జడ్జి మనసుకు తోచినట్టు తేలే వ్యవహారంగా మిగలకూడదని అందులో ఆయన గట్టిగా వాదించారు.

మోతీరామ్ పిటిషన్ కూడా ఆయన ముందుకే వచ్చింది. 1978 ఆగస్టు 24న, జస్టిస్ డి.ఎ. దేశాయ్‌తో కలిసి ఇచ్చిన తీర్పులో, మేస్త్రీని పదివేలకు పూచీకత్తు అడగడం అంతరాత్మను కలచివేస్తోందన్నారు. వేరే జిల్లా జామీను చెల్లదన్న మాటను పూర్తిగా కొట్టేశారు. ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్నుంచి తెస్తాడని అడిగారు. పొట్ట చేతపట్టుకుని పరాయి రాష్ట్రాలకు వలసపోయే పాలమూరు, శ్రీకాకుళం కూలీలను తలుచుకుంటే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. చివరికి మోతీరామ్‌ను వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. జామీనుదారు అక్కర్లేదు. పదివేలు వెయ్యి కావడం కన్నా ఇదే పెద్ద మలుపు: మనిషి సొంత మాట కూడా బెయిలే అవుతుందని తేలింది.

మరుసటి ఏడాదే బీహార్ జైళ్లు దేశాన్ని నివ్వెరపరిచాయి. రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగా మగ్గినవారి గురించి పత్రికలో వచ్చిన కథనాలతో న్యాయవాది కపిలా హింగొరాణీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నిందితుడు ఆ ఊళ్లో ఎన్నాళ్లుగా ఉంటున్నాడు, పనేమిటి, కుటుంబం ఉందా, గతంలో వాయిదాలకు వచ్చాడా అన్నవి చూసి, పారిపోడనిపిస్తే సొంత బాండు మీద వదలాలని జస్టిస్ భగవతి చెప్పారు.

చట్టం కదలడానికి మరో పాతికేళ్లు పట్టింది. 2005 సవరణతో, బెయిలబుల్ నేరాల్లో అరెస్టయిన వారంలోగా జామీను ఇవ్వలేనివారిని నిరుపేదలుగా భావించి సొంత బాండు మీద వదలాలన్న నియమం చేరింది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా బాండు ఇవ్వలేకపోతే, ఎవరూ అడగకపోయినా షరతులు సడలించే సంగతి కోర్టే పరిశీలించవచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చి, విచారణ ఖైదీ తరఫున రూ.40,000 దాకా చెల్లించే వీలు కల్పించింది.

2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక 440వ సెక్షన్ 484 అయింది. బాండు మొత్తం మితిమీరకూడదన్న మాట అలాగే ఉంది. వారం గడువు నియమం కూడా 478లో కొనసాగుతోంది, కానీ ఇప్పటికీ బెయిలబుల్ నేరాలకే. నాన్ బెయిలబుల్ కేసులో బెయిల్ వచ్చినా జామీను దొరక్క ఆగిపోయినవారికి నెల దాకా ఎదురుచూపే. కోర్టు వదలవచ్చని ఒకసారి నిర్ణయించిన మనిషికి నేరం సెక్షన్‌ను బట్టి గడువు మారడం అన్యాయం. ఆ వారం రోజుల నియమాన్ని వీరికీ వర్తింపజేయడానికి పార్లమెంటు ఒక చిన్న సవరణ చేస్తే చాలు.