ఆకు చించినా కాగితం కావాలి

విడాకులు అన్న మాటలోనే ఆకు ఉంది. జార్ఖండ్ సంతాల్‌లలో ఆ ఆకు మాటలోనే కాదు, ఆచారంలోనూ ఉంది. పెద్దల ముందు సాల్ చెట్టు ఆకు చించి, నీళ్ల కుండ ఒలకబోస్తే పెళ్లి తెగినట్టే. మన గూడేల్లో, తండాల్లో తీరు వేరైనా సారం ఒకటే: ఇమడలేని ఆలుమగలు పెద్దల ముందు విడిపోవచ్చు, మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు.

1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్ ఈ సంగతులు రాసి పెట్టాడు. గోండు స్త్రీ భర్తను విడిచి మరొకరితో కాపురం పెట్టవచ్చు. కొత్త భర్త పాత భర్తకు పరిహారం కట్టాలి. భర్త పోయినా, కాపురం చెడినా ఆడమనిషి బతుకు అక్కడితో ఆగిపోదని మన పెద్దలు ఎన్నడో ఒప్పుకున్నారు. అయితే పంచాయితీలో కూర్చున్నది ఎక్కువగా మగవాళ్లే. తప్పు డబ్బుల లెక్క తేలేది గానీ, పిల్లల తిండి లెక్క చాలాసార్లు తేలేది కాదు. ఇది కూడా మన చరిత్రే.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని దాని 2వ సెక్షనే చెబుతుంది. అంటే మన పెళ్లీ, విడిపోవడమూ మన ఆచారం ప్రకారమే. వినడానికి ఇది గౌరవమే. చిక్కు కోర్టు గడప దగ్గర మొదలవుతుంది.

2001లో సుప్రీంకోర్టు ముందుకు ఒక ఒరావ్ మహిళ కేసు వచ్చింది. సంతాల్ అయిన ఆమె భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. ఒక భార్య ఉండగా మరొకరిని చేసుకోవడం తమ ఆచారంలో లేదని ఆమె వాదించింది. హిందూ వివాహ చట్టం వారికి వర్తించదు, ఆ ఆచారానికి తగిన రుజువూ లేదు అంది కోర్టు. కేసు నిలవలేదు. నోటి మాటగా బతికిన ఆచారం, నోటి మాటగానే ఓడిపోయింది.

మన పిల్లలకు ఈ తీర్పు చెప్పే పాఠం ఒక్కటే. పెద్దల ముందు విడిపోయినప్పుడు ఆ మాట కాగితం మీదికి రావాలి. తేదీ, ఇద్దరి ఒప్పుదల, పెద్దల సంతకాలు లేదా వేలిముద్రలు, ఓలి సంగతి, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, వాళ్లకు ఎవరెంత ఇస్తారు, అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితమే కోర్టు డిక్రీ కాదు; కానీ పెళ్లి తెగిందని ప్రకటించమని కోర్టుకు వెళితే సాక్ష్యంగా పనికొస్తుంది. 1996 పెసా చట్టం సంప్రదాయ తగవు పరిష్కార పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆదిలాబాద్ రాయి సెంటర్లు, తండా నాయక్‌లు, కోయ పెద్దలు ఒక రిజిస్టరు పెట్టుకోవడం ఆ అధికారాన్ని వాడుకోవడమే.

మిగతా దారులూ తెలియాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరైన పెళ్లికి ఆ చట్టం కిందే విడాకులు. క్రైస్తవ పద్ధతిలో పెళ్లయితే 1869 విడాకుల చట్టం ఉంది. 2001 నుంచి ఇద్దరి ఒప్పుదలతో విడిపోయే వీలు అందులో చేరింది. మనోవర్తి అడగడానికి తెగా, మతమూ అడ్డు కావు. పాత 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా ఉంది. కొట్టే భర్త మీద 2005 గృహహింస చట్టం ఆదివాసీ స్త్రీకీ రక్షణే. లాయరుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు: 1987 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, మీ ఊరి పెద్దలు ఎలా విడదీసేవారో పిల్లల చేత అడిగించి రాయించండి. అవ్వలను కూడా అడగమనండి. ఆ పంచాయితీల్లో మాట్లాడే చోటు దొరకని వాళ్లు చెప్పేదీ ఆచారంలో భాగమే. రిజిస్టరులో పెద్దల సంతకాల పక్కన ఆడవాళ్ల సంతకాలూ ఉన్న రోజున, ఆ కాగితం మన అందరిదీ అవుతుంది.