పరిహారం ఎవరికి అందింది?

బానిసత్వానికి పరిహారం ఇవ్వాలనే మాట వస్తే, "ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు డబ్బులేమిటి?" అని చాలామంది అడుగుతారు. మనం ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. పరిహారం ఎప్పుడో చెల్లించారు. అయితే బానిసలకు కాదు, వాళ్ల యజమానులకు.

1833లో బ్రిటన్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. ఆస్తి పోతోందన్న యజమానులకు 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. అది ఆనాటి ప్రభుత్వ వార్షిక ఖర్చులో సుమారు 40 శాతం. అందుకు చేసిన అప్పు 2015లో గాని పూర్తిగా తీరలేదు. విడుదలైన సుమారు 8 లక్షల మందికి మాత్రం ఏమీ దక్కలేదు. పైగా చాలామంది 1838 దాకా పాత యజమానుల దగ్గరే జీతం లేని చాకిరీ చేశారు.

ఆ డబ్బు అందుకున్నవారిలో జాన్ గ్లాడ్‌స్టన్ ఒకడు. 2,500 మందికి పైగా బానిసలను లెక్క చూపి లక్ష పౌండ్లకు పైగా పొందాడు. 1836లో, తన గయానా తోటలకు కూలీలు కావాలని కలకత్తాలోని ఒక కంపెనీకి లేఖ రాశాడు. కంపెనీ ఎవరిని చూపించింది? కొండ ప్రాంతాల ఆదివాసులను. ఆనాటి కాగితాల్లో వాళ్లు 'కొండ కూలీలు'. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ ఓడలు గయానా చేరాయి. వాటిలో దిగినవారిలో చోటానాగపూర్ ఆదివాసులు ఉన్నారు. అందుకే ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

2014లో కరీబియన్ దేశాల కూటమి కారికామ్ పది అంశాల ప్రణాళికను ముందుకు తెచ్చింది. క్షమాపణ, ఆరోగ్యం, చదువు, అప్పుల రద్దు అందులో ఉన్నాయి. 2023 ఆగస్టులో గ్లాడ్‌స్టన్ వారసులు గయానా వెళ్లి క్షమాపణ చెప్పారు. బ్రిటన్ ప్రభుత్వం మాత్రం పరిహారానికి ఒప్పుకోలేదు. తప్పు చేసినవాళ్లు ఇప్పుడు లేరన్నది తరచూ వినిపించే వాదన. యజమానుల కోసం చేసిన అప్పును ఐదారు తరాలు మోశాయి కదా. మరి బానిసలకు రావలసిన బాకీ మాత్రం ఒక్క తరంతోనే ఎలా చెల్లిపోతుంది?

ఆనాడు యజమానులు డబ్బు కోసం ఇచ్చిన లెక్కలే నేడు వారిపై సాక్ష్యం. లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయం వాటిని ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది.

మన అటవీ హక్కుల చట్టం, 2006 కూడా ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. దాని నియమాల ప్రకారం, రాతలో పెట్టిన ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. యువత చేయవలసిన పని అక్కడే ఉంది. ఏ వాగు పక్కన ఎవరు పోడు చేశారో, పాత ఊరు ఎక్కడుండేదో తాతలు, అవ్వలు ఉన్నప్పుడే అడిగి రాసి పెట్టుకుందాం.