నికొడెమస్: ఒక ప్రెయిరీ పల్లెకు ప్రతిపదార్థం

మూలం: కాన్సాస్ గడ్డిమైదానంలో విముక్తులు, 160 ఎకరాల పట్టా కోసం, డగౌట్లలో తలదాచుకుని నిలబెట్టిన ఊరు నికొడెమస్, రైలు రాక చిక్కిపోయినా, జులై సంబరంతో బతికే ఉంది.

కాన్సాస్ గడ్డిమైదానంలో: ఊరు ఉన్నది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు వాయవ్య భాగాన, గ్రాహమ్ కౌంటీలో. దిగువన సోలమన్ నది దక్షిణ పాయ పారుతుంది. చెట్లన్నీ ఏటి వెంటే; తక్కినదంతా గడ్డి. అందుకే ఇంటికి కలపా, పొయ్యికి కట్టే రెండూ కరువే. వానకు నిలకడ లేదు.

విముక్తులు: 1865లో బానిసత్వం రద్దయినా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికి భూమి దక్కలేదు, భయం తీరలేదు. 1877లో డబ్ల్యు.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు, డబ్ల్యు.ఆర్. హిల్ అనే తెల్లజాతి స్థల వ్యాపారి మరికొందరితో కలిసి ఈ ఊరికి నక్షా గీశారు. ఆ సెప్టెంబరులో కెంటకీ నుంచి దాదాపు 300 మంది వచ్చారు. ఎల్లిస్ అనే ఊరి వరకు రైలు. ఆపైన 50 కిలోమీటర్లకు మించి నేలబాట.

160 ఎకరాల పట్టా: 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అయిదేళ్లు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు సొంతం. నిన్నటిదాకా ఒకరి ఆస్తిగా లెక్కకెక్కిన మనిషి, తన పేరిట ఆస్తి రాయించుకునే అవకాశం ఇది. ఇంత దూరం నడిపించింది ఆ ఆశే.

డగౌట్లు: గట్టును తొలిచి చేసుకున్న మట్టి గూళ్లు. తర్వాత వచ్చినవాళ్లకు కనిపించింది నేలలోంచి లేస్తున్న పొగ మాత్రమే. కొందరు వెనుదిరిగారు. ఆ తొలి చలికాలంలో ఒసేజ్ అనే ఆదివాసీ తెగ వేటగాళ్లు తమ ఆహారం పంచారని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. వసంతంలో, గుర్రాలూ నాగళ్లూ చాలక, చాలామంది పారలతోనే నేల తిరగేశారు.

నిలబెట్టిన ఊరు: పదేళ్లలో చర్చిలు, బడి, హోటళ్లు, దుకాణాలు, రెండు వార్తాపత్రికలు వెలిశాయి. 1878లో ఇక్కడ స్థిరపడిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు.

రైలు రాక: ఊరి పతనానికి అసలు కారణం రైలు రాకపోవడమే. ప్రెయిరీలో గోధుమ బయటికి వెళ్లాలన్నా, సరుకు లోపలికి రావాలన్నా స్టేషనే దిక్కు. 1887లో ఊరివాళ్లు మిస్సోరీ పసిఫిక్ రైల్వే కోసం 16,000 డాలర్ల బాండ్లకు ఓటు వేశారు. రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ తన పట్టాలను ఏటికి అవతల వేసింది. అక్కడ బోగ్ అనే ఊరు లేచింది. నికొడెమస్ వ్యాపారులు అటు తరలిపోయారు. 1930ల కరువు, దుమ్ము తుపాన్లు మిగిలినవాళ్లలో ఎందరినో వెళ్లగొట్టాయి. 1953లో తపాలా కార్యాలయం మూతపడింది.

జులై సంబరం: ఏటా జులై చివర, దేశం నలుమూలల నుంచి తొలి కుటుంబాల వారసులు ఇక్కడికి వస్తారు. వెస్టిండీస్‌లో బానిస విముక్తిని తలచుకుంటూ మొదలైన వేడుక ఇది. 1996లో ప్రభుత్వం ఈ ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. సున్నపురాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు, రెండు చర్చిలు, బడి, పాత హోటలు అందులో భాగం.

తాత్పర్యం: 2020 జనగణనలో ఇక్కడి జనాభా 14. ఆ అంకె చూసి ఊరు ఓడిందనడం అన్యాయం. తొలి చలినీ లేమినీ తట్టుకున్నవాళ్లను దెబ్బతీసింది, ఎక్కడో కూర్చుని ఎవరో వేసిన రైలు గీత. చిన్న ఊళ్ల చరిత్ర రాసేవారు జనాభా పట్టిక కన్నా ముందు రైలు పటం చూడాలి.