ఉలాన్‌బాతర్ కట్టడాలు: మిగిలినవీ, మిగలనివీ

చారిత్రక కట్టడాన్ని చూడగానే 'దీన్ని ఎవరు, ఎప్పుడు కట్టించారు?' అని అడగడం మనకు అలవాటు. 'ఇది ఇప్పటివరకు ఎలా మిగిలింది?' అనే రెండో ప్రశ్నను చాలాసార్లు మరచిపోతాం. ఆ ప్రశ్న ఎంత అవసరమో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌ను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

కదిలే మఠం నుంచి రాజధాని వరకు

1639లో మంగోల్ ప్రభువులు జనబజార్ అనే బాలుణ్ణి తమ బౌద్ధ గురువుగా గుర్తించారు. ఆయన కోసం ఏర్పడిన గుడారాల మఠమే ఈ నగరానికి మూలం. అది అనేకసార్లు చోటు మారి, 1778లో తూల్ నది లోయలో స్థిరపడింది. అందుకే ఇక్కడ మధ్యయుగపు రాతి కోటలు కనిపించవు. 'ఎర్ర వీరుడు' అనే అర్థం గల ఉలాన్‌బాతర్ అన్న పేరు 1924లో వచ్చింది.

జనబజార్ అనేది సంస్కృతంలోని 'జ్ఞానవజ్ర' అనే పేరుకు మంగోల్ రూపం. భారతదేశంలో పుట్టిన బౌద్ధం టిబెట్ మీదుగా అక్కడికి చేరిందనడానికి ఈ పేరు కూడా ఒక ఆధారమే. ఆయన గొప్ప శిల్పి. ఆయన పోతపోసిన తార, ధ్యాని బుద్ధుల విగ్రహాలను ఆయన పేరనే ఉన్న లలితకళల మ్యూజియంలో చూడవచ్చు.

మూడు కట్టడాలు, మూడు గతులు

1937-39 మధ్య కమ్యూనిస్టు ప్రభుత్వం, స్టాలిన్ ఒత్తిడితో, బౌద్ధ మఠాలపై విరుచుకుపడింది. వందలాది మఠాలు నేలమట్టమయ్యాయి. వేలాది లామాలు ప్రాణాలు కోల్పోయారు. ఈ విధ్వంసాన్ని గుర్తుంచుకొని కింది కట్టడాలను గమనించండి.

మొదటిది బోగ్ద్ ఖాన్ రాజప్రాసాదం. 1911లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న మంగోలియాకు రాజైన బౌద్ధ గురువు నివాసమిది. 1924లో ఆయన మరణించిన తరువాత మ్యూజియంగా మారింది.

రెండోది చోయిజిన్ లామా ఆలయం. 1904-08 మధ్య నిర్మించిన ఈ ఆలయంలో బోగ్ద్ ఖాన్ తమ్ముడు దైవవాణి చెప్పేవాడు. 1930ల చివరిలో మూతపడి, 1942లో మ్యూజియం అయింది. ఒకప్పుడు నృత్యాలలో ధరించిన ముఖతొడుగులు నేడు అద్దాల వెనుక ఉన్నాయి. గోడలు నిలిచాయి, పూజ ఆగిపోయింది.

మూడోది గందన్ మఠం. 1938లో మూతపడి, 1944లో ప్రభుత్వ నియంత్రణ కింద తిరిగి తెరుచుకుంది. ఇక్కడి అవలోకితేశ్వరుని మహావిగ్రహాన్ని 1938లో తొలగించారు. నేడు మీరు చూడగల సుమారు 26 మీటర్ల విగ్రహం 1996లో ప్రతిష్ఠించినది. దీన్ని పాత విగ్రహమే అనుకుంటే మధ్యలోని ఆరు దశాబ్దాల చరిత్ర మీ దృష్టికి రాదు.

చౌకులో మారిన జ్ఞాపకం

నగరం నడిబొడ్డున సుఖ్‌బాతర్ చౌకు ఉంది. 1921 విప్లవ నాయకుడైన సుఖ్‌బాతర్ అశ్వారూఢ విగ్రహాన్ని అక్కడ 1946లో నెలకొల్పారు. ప్రభుత్వ భవనం ముందున్న విప్లవ నాయకుల సమాధి మందిరాన్ని 2005లో తొలగించారు. మరుసటి ఏడాది, మంగోల్ సామ్రాజ్యానికి 800 ఏళ్లు నిండిన సందర్భంగా, అదే చోట చెంగీజ్ ఖాన్ విగ్రహం వెలసింది. సోషలిస్టు పాలనలో చెంగీజ్‌ను బహిరంగంగా కీర్తించడం కష్టమైన పని. కాబట్టి ఈ విగ్రహం 13వ శతాబ్దానికి ఆధారం కాదు. 21వ శతాబ్దపు మంగోలియా తన గతాన్ని ఎలా చూడదలచుకున్నదో తెలిపే ఆధారం.

మీరు గ్రహించవలసినది

మిగిలిన రెండు మూడు ఆలయాలను చూసి 'ఇక్కడ ఆలయాలు తక్కువ' అనుకోవడం పెద్ద పొరపాటు. కళ్లముందున్నది ఎంపికై మిగిలిన భాగం మాత్రమే. ఆ ఎంపిక చేసింది కాలం ఒక్కటే కాదు, అధికారం కూడా. మ్యూజియం వస్తువును కాపాడుతుంది, కానీ దాని వాడుకను కాపాడలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చోయిజిన్ లామా ఆలయం, గందన్ మఠం మిగిలిన తీరులో తేడా ఏమిటి?
2. మీకు దగ్గరలోని మ్యూజియంలో ఒక విగ్రహాన్ని ఎంచుకోండి. అది ఎక్కడి నుంచి, ఏ పరిస్థితులలో అక్కడికి చేరిందో తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.